వద్దని ఓటేస్తే తప్ప

నోటీసు టైపు చేసింది నేనే కాబట్టి జరిగినదానికంతా నాదే పూచీ అని మేయర్ మార్లిన్ ఇప్పటికీ అంటాడు. నేను కాదనను. నిజం చెప్పాలంటే, ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను టైపు చేసిన కాగితాలన్నిట్లోకీ నాకు బాగా నచ్చిన కాగితం అదే.

మా ఊరు డ్రై విల్లో. తూర్పు కొలరాడో మైదానంలో మూడువందల పన్నెండు మంది ఉండే ఊరు. నా పేరు ఆర్డిస్, టౌన్ క్లర్కుని. ఊరికి ఉద్యోగులం నలుగురం. నేను, నీళ్ళూ రోడ్లూ చూసుకునే రూడీ, లైబ్రరీ నడిపే ఫిలిస్, ఊరికి ఉన్న ఒకే ఒక్క పోలీసు హోలిస్ గ్రాడీ.

మా రాష్ట్రంలో ఒక పథకం ఉంది. ఇంట్లో బిడ్డ పుట్టినా, ఇంటి మనిషికి పెద్ద జబ్బు చేసినా ఉద్యోగికి పన్నెండు వారాల సెలవు ఇస్తారు. ఆ వారాల్లో జీతంలో చాలా భాగం రాష్ట్రం నిధిలోంచి వస్తుంది. దానికోసం అందరి జీతాల్లోంచీ నెలనెలా చిటికెడు పక్కన పెడతారు. ఊళ్ళకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. పాలకమండలి కూర్చుని వద్దని ఓటేస్తే ఆ ఊరు బయట ఉండొచ్చు. వద్దని ఓటేస్తే తప్ప లోపల ఉన్నట్టే లెక్క. మా మండలి మొదట్లో ఒకసారి వద్దంది. ఆ ఓటుకి గడువు తీరింది. మళ్ళీ తేల్చాలి. తేల్చేముందు జనం మాట వినడానికి సభ పెట్టాలి, సభకి ముందు నోటీసు అంటించాలి.

అంటించాను. పోస్టాఫీసు బోర్డు మీద, పశువుల వేలం కాగితానికీ తప్పిపోయిన పిల్లి ఫోటోకీ మధ్యన. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మా ఇంగ్లీషులో సెలవుకీ ఊరు విడిచి పోవడానికీ ఒకటే మాట, లీవ్. వెర్నీ టబ్స్ అని, రైల్వేలో చేసి రిటైరైన ఎనభై రెండేళ్ళ పెద్దాయన, ఆరోజు కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చాడు. 'జీతంతో కుటుంబ సెలవు' అని నేను రాసినదాన్ని 'డబ్బిచ్చి కుటుంబాల్ని ఊరొదిలించడం' అని చదువుకున్నాడు. చదువుకుని ఊరుకోలేదు. తిన్నగా చేలో అనే ఆవిడ నడిపే కెఫేకి వెళ్ళాడు.

చేలో ఆర్చులెటా మా మండలిలో సభ్యురాలు కూడా. ఆమె ఆ సమయంలో పచ్చిమిరప సరుకు కోసం పక్క ఊరికి వెళ్ళింది. ఆమె ఉంటే మాట అక్కడే ఆగేది. ఆమె లేదు కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ మాట ఊరంతా తిరిగింది. తిరిగిన కొద్దీ పెరిగింది. ఒకరు ఇంటికి నలభై వేల డాలర్లట అన్నారు. ఇంకొకరు, కాదు, మనిషికి నలభై వేలు, కుక్కలకి వేరేగా అన్నారు. గాలిమరల కంపెనీవాళ్ళు ఊరు మొత్తం కొనేస్తున్నారని పెట్రోలు బంకులో ఖాయం చేశారు. రెండోరోజు పొద్దున ఒక జంట నా కిటికీ దగ్గరికొచ్చి, డబ్బు తీసుకుని ఊరి హద్దు దాటి రోడ్డు అవతలికి మారితే సరిపోతుందా, లేక జిల్లా దాటాలా అని అడిగారు.

నేను కూర్చోబెట్టి వివరించాను. ఇది సెలవు గురించి, మా నలుగురు ఉద్యోగుల గురించి, ఊరు ఖాళీ చేయడం గురించి కాదు అని. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "నిన్ను అలా చెప్పమన్నారన్నమాట" అంది. కాదన్న కొద్దీ నమ్మకం బలపడింది. మూడోరోజుకి నేను కాదనడం మానేశాను. పదకొండేళ్ళుగా మా బహిరంగ సభలకి ఒక్క మనిషి వచ్చిన పాపాన పోలేదు. రానీ, కుర్చీలు నిండనీ అనుకున్నాను. ఆ మాటకి నాకు సిగ్గేమీ లేదు.

మండలిలో ఎవరు ఎటో నాకు ముందే తెలుసు. ఐదుగురు. చేలో పథకం కావాలంటుంది. రిటైరైన టీచరు నడీన్ హ్రుస్కా కూడా. మేయర్ మార్లిన్ స్టౌబ్ ధాన్యం గోదాము యజమాని, వద్దంటాడు. డబ్బు వల్ల కాదు, మా అంత చిన్న ఊరికి భారం పెద్దగా పడదు. "ఉన్న ఒక్క పోలీసూ మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఊరినెవరు చూస్తారు, రాష్ట్రంవాళ్ళొస్తారా?" అన్నది ఆయన వాదన. జీన్ వెలర్ మార్లిన్ ఎటు చెయ్యెత్తితే అటే ఎత్తుతాడు. ఐదో మనిషి ఓడెల్ ఫ్రిక్, పశువుల కామందు. తన తండ్రి ఎనభై ఏళ్ళొచ్చేదాకా ఒక్కరోజు సెలవు తీసుకోకుండా మందని సాకాడని, మనుషులకి ఇంతకన్నా ఏం కావాలని ఆయన ధోరణి. ముగ్గురు వద్దు, ఇద్దరు కావాలి. అక్కడికి అయిపోయింది.

క్లర్కుకి అభిప్రాయం ఉండకూడదు. నాకు ఉంది. మా అమ్మ చివరి ఏడాది నేను మధ్యాహ్నం దాకా ఆఫీసులో, ఆ తర్వాత ఆమె మంచం పక్కన ఉన్నాను. నా సెలవులన్నీ ఏప్రిల్‌కే అయిపోయాయి. అమ్మ సెప్టెంబరులో పోయింది, పొద్దున పదకొండున్నరకి, నేను నీటి బిల్లుల కవర్లు అంటిస్తున్నప్పుడు. దాని గురించి ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

సభకి నాలుగు రోజుల ముందు హోలిస్ నా గదిలోకి వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, నలభై నాలుగేళ్ళవాడు. మాటలు పొదుపు. టోపీ చేతిలో పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు.

"ఆ సెలవు... తండ్రులకి కూడానా?" అన్నాడు.

"తండ్రులకి కూడా."

"ఒక ఫ్రెండు అడిగాడు."

"నీ ఫ్రెండుకి నా శుభాకాంక్షలు చెప్పు" అన్నాను. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడి, టోపీ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. హోలిస్‌కీ మరిసెలాకీ పెళ్ళయి పదిహేనేళ్ళు. వాళ్ళు ఆశ వదులుకున్నారని ఊరంతా అనుకునేది. నేను తలుపు మూసి, ఖాళీ గదిలో నా కుర్చీని మూడుసార్లు గిర్రున తిప్పుకున్నాను. తర్వాత నోరు కట్టేసుకున్నాను. ఆ నాలుగు రోజులూ నేను పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

మార్చి నెల రెండో శనివారం, సాయంత్రం నాలుగున్నరకి సభ. నాలుగింటికే హాల్లో కుర్చీలు అయిపోయాయి. చర్చి నుంచి మడత కుర్చీలు తెచ్చారు, అవీ అయిపోయాయి. కిటికీ గట్ల మీద ఎక్కారు. వెర్నీ తాత ఈసారి కళ్ళజోడు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు, ఒళ్ళో తన ఇంటి దస్తావేజు. ఆయన వెనక ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు 'మేం కదలం' అని అట్టముక్క మీద రాసి పట్టుకున్నారు. పక్కనే ఒక కుర్రజంట పెట్టెలు సర్దేసుకున్నట్టు ముఖాలు వెలిగించుకుని కూర్చున్నారు. మార్లిన్ లోపలికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "వీళ్ళంతా సెలవు కోసం వచ్చారా?" అని నా చెవిలో అడిగాడు. ఒక విధంగా అంతేనన్నాను.

మొదట వెర్నీ తాత లేచాడు. తను ఈ ఊళ్ళో పుట్టాననీ, తన భార్యని ఇక్కడే పూడ్చిపెట్టాననీ, ఏ కంపెనీ ఎంత డబ్బిచ్చినా కదిలేది లేదనీ చెప్పాడు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. మార్లిన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అప్పుడు నడీన్ లేచింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఆ హాల్లో సగంమందికి అక్షరాలు నేర్పింది ఆమే, మార్లిన్‌తో సహా.

"వెర్నీ, కూర్చో. మార్లిన్, నోరు మూసుకో, ఈగలు పోతాయ్" అంది. తర్వాత తరగతిలో చెప్పినట్టు నెమ్మదిగా, ఏది సెలవో, ఎవరికి సెలవో, ఎవరినీ ఎక్కడికీ పంపించడం లేదనీ చెప్పింది.

ముందుగా అక్కచెల్లెళ్ళలో చిన్నామె నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక అట్టముక్కతో మొహం కప్పుకుంది. నవ్వు వరసలు వరసలుగా వెనక్కి పాకింది. వెర్నీ తాత తన దస్తావేజుని మడిచి కోటు లోపల పెట్టుకుని, "అయితే మనల్నెవరూ కొనట్లేదన్నమాట" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టుగా. దాంతో నవ్వు ఇంకా పెరిగింది. కుర్రజంట మాత్రం దిగాలుగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. ఎవరూ వెళ్ళలేదు. కుర్చీలు దొరకడమే కష్టమైంది, దొరికినవాళ్ళు వదులుకుంటారా. పైగా చేలో తను కెఫేలో కాల్చిన పైలు, పళ్ళు కూరిన తీపి రొట్టెలు, ఆరు కోసి వెనక బల్ల మీద పెట్టింది.

మార్లిన్ తన వాదన చెప్పాడు. మంచి మనిషి, మంచిగానే చెప్పాడు. చివర్లో అన్నాడు, "అసలిక్కడ దీని అవసరం ఎవరికుంది చెప్పండి. ఆర్డిస్‌కి యాభై ఎనిమిది. రూడీ బ్రహ్మచారి, వాడి చేపల గేలమే వాడి కుటుంబం. ఫిలిస్‌కి మనవలొచ్చారు. ఇక హోలిస్..."

అక్కడ ఆగి హోలిస్ వైపు చూశాడు. హోలిస్ ఎప్పటిలాగే తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మార్లిన్ చూశాడని అందరూ చూశారు. నూట ముప్ఫై తలలు ఒక్కసారి తిరిగాయి. హోలిస్ ఎర్రబడ్డాడు. ఆ ఎరుపు కాలరు దగ్గర పుట్టి, గడ్డం దాటి, చెవులెక్కి, జుట్టు మొదళ్ళ దాకా పోవడం హాలు మొత్తం కళ్ళారా చూసింది. చూస్తున్న కొద్దీ ఒక్కొక్కరికీ అర్థమైంది.

"జూలైలో" అన్నాడు హోలిస్.

కిటికీ గట్ల మీదివాళ్ళు ముందుకు వంగారు.

"ఇద్దరు" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది నా మినిట్స్‌లో 'కొంత అంతరాయం' అని రాసి ఉంది. అప్పటికి ఐదేళ్ళయింది మా ఊళ్ళో ఉయ్యాల ఊగి. బడిలో ఒకటో తరగతికి ముగ్గురే పిల్లలు, బడి మూస్తారని ప్రతి వేసవిలో పుకారు. అలాంటి ఊళ్ళో ఇద్దరు, ఒకేసారి. ముసలివాళ్ళు కుర్చీలెక్కారు. రూడీ వచ్చి హోలిస్‌ని ఎత్తబోయి, ఎత్తలేక, అతని నడుము పట్టుకుని వేలాడాడు. నడీన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసింది. వెర్నీ తాత పక్కనున్న ఆడమనిషిని ముద్దు పెట్టుకున్నాడు, అది తనేనని ఆమె ఈరోజుకీ ఒప్పుకోదు. ఎవరో మరిసెలాకి ఫోను కలిపారు, వంద గొంతులు ఒకేసారి ఆ చిన్న ఫోనులోకి అరిచాయి. ఆమె అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మార్లిన్ సభ సర్దుకోమని బల్ల మీద సుత్తి కొట్టి కొట్టి అలిసిపోయి, సుత్తి పక్కన పెట్టి, తనూ వెళ్ళి హోలిస్ చేయి ఊపాడు. ఊపి వచ్చి తన కుర్చీలో కూర్చుని, "ఇది నా అభిప్రాయాన్నేం మార్చదు" అన్నాడు. మారలేదు కూడా.

నేను ఓటుకి పేర్లు పిలవబోతుండగా ఓడెల్ జేబులో ఫోను మోగింది. ఆయన భార్య. మాటలు వినపడ్డాయి, ఆమెకి ఫోనులో మెల్లిగా మాట్లాడటం రాదు. తొలిచూలు పెయ్య ఒకటి మధ్యాహ్నం నుంచి నొప్పులు పడుతోంది, దూడ వెనక కాళ్ళు ముందొస్తున్నాయి, పశువుల డాక్టరు ఇంకో జిల్లాలో ఉన్నాడు. ఓడెల్ సగం లేచి నిలబడ్డాడు. తలుపు వైపు చూశాడు, నా చేతిలో కాగితం వైపు చూశాడు. వెళ్తే ఆయన ఓటు పోతుంది. ఉంటే పెయ్య పోతుంది.

"ఇదిగో ఆర్డిస్, నా ఓటు వద్దని రాసేసుకో" అన్నాడు.

మనిషి హాల్లో ఉండి పేరు పిలిచినప్పుడు చెబితేనే ఓటని చెప్పాను. అది నా ఇష్టం కాదు, మా నియమావళిలో ఉంది.

చేలో కాఫీ కప్పు కింద పెట్టి, ముఖం గంభీరంగా పెట్టుకుని, "వెళ్ళవయ్యా ఓడెల్, కాన్పు కేసు కదా. సెలవు మంజూరు" అంది.

హాలు కూలిపోయినంత పనయింది. ఓడెల్ కూడా ఆపుకోలేకపోయాడు. ఆ మనిషి నవ్వగా నేను అంతకుముందు చూడలేదు, పళ్ళు బానే ఉన్నాయి. టోపీ పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి, హోలిస్ ముందు ఆగి, అతని చేతుల పొడుగు కొలిచినట్టు చూశాడు.

"నీ చేతులు పనికొస్తాయ్. రా" అన్నాడు.

అలా మా పోలీసు తన సెలవు మీద ఓటు జరగబోతుండగా, కారు మీది ఎర్రదీపం తిప్పుకుంటూ, ఓడెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆరు మైళ్ళ దూరంలో ఉన్న దొడ్డికి వెళ్ళిపోయాడు.

మిగిలింది నలుగురు. లెక్క నాకు వెంటనే తట్టింది. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీలో నేను ఎవరినీ మోసం చేయలేదు, మొదలుపెట్టడానికి అది రోజు కాదు. మార్లిన్ దగ్గరికి వంగి చెప్పాను. తీర్మానం 'వద్దు' అని ఉంది, ఇద్దరూ ఇద్దరూ అయితే తీర్మానం వీగిపోతుంది, వీగిపోతే ఊరు పథకం లోపల ఉన్నట్టే అని. కావాలంటే వచ్చే నెలకి వాయిదా వేయొచ్చు, ఓడెల్ ఉంటాడు అని కూడా చెప్పాను.

మార్లిన్ హాలు వైపు చూశాడు. వెనక బల్ల దగ్గర అక్కచెల్లెళ్ళు అప్పుడే ఊలు రంగుల గురించి తగువు పడుతున్నారు. వెర్నీ తాత పిల్లలకి పేర్లు సూచిస్తున్నాడు, రెండూ వెర్నీయే.

"ఆర్డిస్, నాకు లెక్కలు నేర్పింది నడీన్" అన్నాడు. "పేర్లు పిలువు."

పిలిచాను. చేలో, పథకం కావాలి. జీన్, వద్దు. నడీన్, కావాలి. మార్లిన్ నిటారుగా కూర్చుని, అందరికీ వినపడేలా వద్దన్నాడు. రెండు, రెండు. తీర్మానం వీగిపోయిందని చదివాను. అమ్మ గుర్తొచ్చింది, ఆ కవర్ల జిగురు వాసన గుర్తొచ్చింది. కానీ దుఃఖం లాంటిదేమీ రాలేదు. వచ్చింది నవ్వు. కాగితం అడ్డం పెట్టుకుని నవ్వాను, కాగితం వణకడం అందరూ చూశారు.

హోలిస్‌కి ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న వచ్చింది. ఫోను చేస్తే ఎత్తడు, చేతులు ఎక్కడ ఉంటాయో అందరికీ తెలుసు. ఎవరో కారు తీశారు. వాళ్ళ వెనక ఇంకొకరు. ఐదు నిమిషాల్లో మొత్తం సభ రోడ్డెక్కింది. పికప్ ట్రక్కులు, చర్చి వ్యాను, రూడీ నీళ్ళ ట్యాంకరు, అన్నీ వరసగా. మిగిలిన రెండు పైలూ నా ఒళ్ళో. మధ్యలో మరిసెలాని ఇంటి దగ్గర ఎక్కించుకున్నాం. మైదానం మీద ఇంకా ఎండ ఉంది, గడ్డి అంతా పసుపుపచ్చగా వెలుగుతోంది. ఒకరి వెనక ఒకరు హారన్లు కొట్టుకుంటూ వెళ్ళాం. అది చట్టవిరుద్ధం, కానీ పట్టుకునే మనిషి దొడ్డిలో ఉన్నాడు.

మేం వెళ్ళేసరికి దూడ గడ్డి మీద నిలబడటానికి ప్రయత్నిస్తూ, పడుతూ, మళ్ళీ ప్రయత్నిస్తోంది. తల్లి దాన్ని నాకుతోంది. హోలిస్ భుజాల దాకా తడిసి, చొక్కా పాడై, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఓడెల్ పక్కనే ఒక బాల్చీని బోర్లించి దానిమీద కూర్చున్నాడు. మరిసెలా తిన్నగా వెళ్ళి హోలిస్ పక్కన గడ్డిలో కూర్చుంది. అతను చేతులు దూరంగా పెట్టుకున్నాడు, అంటుతుందని. ఆమె లెక్క చేయలేదు.

నేను ఫలితం చదివాను. మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు.

ఓడెల్ బాల్చీ మీంచి లేవలేదు. "నేను లేకుండా ఓటేశారన్నమాట" అన్నాడు.

"సెలవులో ఉన్నావుగా" అంది చేలో.

ఆయన దూడని చూశాడు, తర్వాత హోలిస్‌ని చూశాడు. "వీడు లేకపోతే ఇది బతికేది కాదు" అన్నాడు. "ఒక్కడి వల్ల అయ్యే పని కాదిది." అని, పైలో తన ముక్క ఏదని అడిగాడు.

జూలై పందొమ్మిదిన ఇద్దరూ ఆడపిల్లలు పుట్టారు. రమోనా, ఐవీ. హోలిస్ పన్నెండు వారాలు సెలవు తీసుకున్నాడు. జిల్లా నుంచి ఒక పోలీసు డిప్యూటీ రోజూ రెండుసార్లు వచ్చి ఊరు చుట్టి వెళ్ళేవాడు. మార్లిన్ భయపడ్డట్టు ఊరేమీ దోపిడీకి గురికాలేదు. ఒకసారి వెర్నీ తాత గడ్డి కోసే మిషను పోయింది, అది ఆయన గరాజులోనే దొరికింది.

ఆగస్టులో ఒక పొద్దున నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తుంటే హోలిస్ నిక్కరు వేసుకుని, చెప్పులతో, పిల్లలిద్దరూ ఉన్న జంట బండి తోసుకుంటూ మెయిన్ స్ట్రీట్ మీద నడుస్తున్నాడు. ఇంకో రాష్ట్రం నంబరుతో ఒక కారు నలభై మైళ్ళ వేగంతో ఊళ్ళోకి దూసుకొచ్చింది. హోలిస్ బండిని గట్టు మీద పెట్టి, బ్రేకు వేసి, రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తాడు. కారు ఆగింది. డ్రైవరు అద్దం దించి, భుజం మీద పాల మరకతో ఉన్న ఆ ఆజానుబాహుణ్ణి ఎగాదిగా చూశాడు. హోలిస్ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కారు మాత్రం నత్తలా కదిలి, ఊరి చివర దాకా అలాగే వెళ్ళింది. ఆ కారు వెనకసీటు అద్దంలోంచి ఒక చిన్న అమ్మాయి పిల్లలిద్దరికీ చెయ్యి ఊపుతూనే ఉంది.